ఫ్లోరెన్సు నైటింగేల్ : రోగి మాట వినిన నర్సు

ధ్యానమునకు: మార్కు 5:35-43, 1 రాజులు 19:1-8, యోబు 2:11-13

యాయీరు కుమార్తెను మన ప్రభువు లేపిన సంగతి సండే స్కూలు నాటినుండి మనమెరిగినదే. పండ్రెండేండ్ల ఆ చిన్నది లేచి నడిచెను. ఇంటివారు మిగుల విస్మయమొందిరి. అయితే ఆ వృత్తాంతము చివరనున్న ఒక చిన్న సంగతిని మనము తరచుగా దాటిపోవుదుము. ఆ బిడ్డకు ఆహారము పెట్టవలెనని ప్రభువు ఇంటివారికి జ్ఞాపకము చేసెను. చావునుండి లేచిన బిడ్డకు ఆకలి వేయునని ఆ సంతోషములో మరి ఎవరికిని తోచలేదు, ఆయనకు తోచెను. జబ్బు తొలగుటతోనే పని ముగియదనియు, ఆ శరీరమును తిరిగి బలపరచు పని మిగిలియుండుననియు ఆ చిన్న ఆజ్ఞ మనకు బోధించుచున్నది.

ఈ మాసము మేము ఫ్లోరెన్సు నైటింగేల్ జీవితమును గూర్చి వ్రాయుటకు ఒక కారణము కలదు. కొంతకాలము క్రిందట మేము సంఘము తరఫున ఒక లంక గ్రామములోని సహోదరిని పరామర్శింపబోతిమి. ఆమెకు రొమ్ము కేన్సరు. మన పెద్దలు రాచపుండు అని పిలిచిన వ్యాధి. ఆపరేషను జరిగి, మొదటి విడత కీమో మందు ఎక్కించుకొని, రేవు దాటి ఇంటికి వచ్చి కొన్ని దినములైనది. మేము బత్తాయి పండ్లు పట్టుకొని వెళ్ళి మంచము చుట్టు నిలువబడితిమి. ఏమియు కాదు, త్వరలోనే లేచి తిరుగుదువని ఒకరు చెప్పిరి. ఇదే జబ్బు వచ్చి పూర్తిగా నయమైన తమ బంధువు సంగతి మరియొకరు చెప్పిరి. చేప వేడిచేయును, మానుమని ఒకరు. ఆకుపసరు త్రాగుమని ఒకరు. ప్రార్థన చేసి బయటికి వచ్చి, అరుగు దగ్గర నిలిచి, ఆమె ఎంత చిక్కిపోయినదో మెల్లగా మాటలాడుకొంటిమి. మేమున్నంతసేపు ఆమె నాలుగు మాటలకంటె ఎక్కువ పలుకలేదు. మేము లేచునప్పటికి ముఖము గోడవైపు త్రిప్పుకొనియుండెను.

ఈ సంగతి మా సంఘములోని ఒక నర్సుతో చెప్పితిమి. ఆమె అనేక సంవత్సరములు కేన్సరు వార్డులో పనిచేసినది. ఆమె మమ్మును తప్పుపట్టలేదు గాని, నైటింగేల్ వ్రాసిన చిన్న పుస్తకములో రోగిని చూడవచ్చు బంధుమిత్రులను గూర్చి ఒక అధ్యాయము కలదు, దానిని చదువుడని చెప్పెను. చదివితిమి. నూట అరువది సంవత్సరములకు పైబడి ఇంగ్లండులో వ్రాయబడిన ఆ పుటలలో మా ముఖములే మాకు కనబడెను. అప్పుడు ఆ పుస్తకము వ్రాసినామె ఎవరో, అంత సూక్ష్మముగా రోగి మనస్సు ఆమెకెట్లు తెలిసినదో తెలిసికొన గోరితిమి.

పిలుపు, నిరీక్షణ

ఫ్లోరెన్సు నైటింగేల్ 1820వ సంవత్సరము మే 12వ తేదీన ఇటలీ దేశపు ఫ్లోరెన్సు నగరములో జన్మించెను. తలిదండ్రులు ఆంగ్లేయులు, ధనవంతులు. దేశసంచారములో నుండగా పుట్టిన బిడ్డకు ఆ ఊరి పేరే పెట్టిరి. తండ్రి విలియం నైటింగేల్ కుమార్తెలిద్దరికిని తానే గ్రీకు, లాటిను, చరిత్ర, తత్వశాస్త్రము నేర్పెను. ఫ్లోరెన్సుకు లెక్కలయందు మిక్కిలి ఆసక్తి యుండెను.

1837 ఫిబ్రవరి 7వ తేదీన, పదునారేండ్ల వయస్సులో, దేవుడు తన్ను సేవకు పిలిచెనని ఆమె వ్రాసికొనెను. అది ఏ సేవయో అప్పుడామెకు తెలియలేదు. తెలిసిన తరువాత కూడ త్రోవ దొరకలేదు. ఆ కాలమున ఆసుపత్రి నర్సు పని మర్యాదగల కుటుంబముల స్త్రీలు చేయు పనిగా ఎంచబడలేదు. చదువుగాని శిక్షణగాని లేనివారే ఎక్కువగా ఆ పనిలో నుండిరి. 1845లో సాల్స్‌బరీ ఆసుపత్రిలో కొన్ని నెలలు పని నేర్చుకొందునని ఆమె అడుగగా ఇంటివారు ఒప్పుకొనలేదు. వివాహ సంబంధములు వచ్చినను ఆమె అంగీకరింపలేదు. పిలుపు వినిన దినమునుండి పని దొరకువరకు పదునారు సంవత్సరములు గడచెను.

మన తెలుగు దేశములో కూడ ఒకప్పుడు నర్సు పనిని లోకులు చిన్నచూపు చూచిరి. అట్టి దినములలో మిషను బడులలో చదివిన క్రైస్తవ బాలికలు అధిక సంఖ్యలో ఆ పనికి ముందుకు వచ్చిరి. నేడు గోదావరి మండలములలోని మన సంఘములలో నర్సు పనియందున్న కుమార్తెలుగల కుటుంబములు అనేకములు. వారికి ఈ నిరీక్షణ అర్థమగును.

ఎట్టకేలకు 1850లో ఆమె జర్మనీలో రైను నదీతీరమందలి కైజర్స్‌వెర్త్ అను ఊరిని దర్శించెను. అచ్చట ఫ్లీడ్నర్ అను ప్రొటెస్టెంటు పాస్టరు 1836లో ఒక ఆసుపత్రిని, రోగులకు పరిచర్య చేయు డీకనెస్సుల సమాజమును స్థాపించియుండెను. రోమా సంఘమునకు వ్రాసిన పత్రికలో పౌలు పేర్కొనిన ఫీబే వంటి పరిచారకురాండ్రను మరల లేపవలెనని ఆయన ఆశ. మరుసటి సంవత్సరము ఫ్లోరెన్సు అచ్చట మూడు నెలలు శిక్షణ పొందెను. 1853లో లండనులోని హార్లీ వీధియందు జబ్బుపడిన స్త్రీల కొరకైన ఒక చిన్న ఆసుపత్రికి పై అధికారిణిగా నియమింపబడెను.

స్కుటారి ఆసుపత్రి

1854లో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములు టర్కీతో కూడి రష్యామీద క్రిమియా యుద్ధము చేయుచుండెను. గాయపడిన ఆంగ్ల సైనికుల దుస్థితి పత్రికలలో వెల్లడి కాగా, మంత్రియు స్నేహితుడునైన సిడ్నీ హెర్బర్టు ఆమెను పంపెను. ముప్పది ఎనిమిదిమంది స్త్రీలతో ఆమె బయలుదేరి 1854 నవంబరు 4వ తేదీన, కాన్‌స్టాంటినోపిల్‌కు ఎదుటి తీరమందున్న స్కుటారికి చేరెను.

సైనికుల బారకాసునే అచ్చట ఆసుపత్రిగా మార్చియుండిరి. నేలమీద వరుసలుగా మనుష్యులు పడియుండిరి. గుడ్డలు లేవు, సబ్బు లేదు, తగిన వంట లేదు. గాయములచేత చచ్చినవారికంటె కలరా, విరేచనములు, విషజ్వరములచేత చచ్చినవారు బహుమంది. ఆమె బట్టలుతుకు ఏర్పాటు చేయించెను. రోగులకు తగిన ఆహారము వండించెను. చనిపోయినవారి తల్లులకు, భార్యలకు ఉత్తరములు వ్రాసెను. రాత్రివేళ దీపము పట్టుకొని పడకల నడుమ తిరిగెను. ఆ దీపముతోనే లోకము ఆమెను జ్ఞాపకముంచుకొన్నది.

అయితే సత్యము పూర్తిగా చెప్పవలెను. ఆమె వచ్చిన తరువాత కూడ ఆ శీతకాలమంతయు మరణములు పెరుగుచునే యుండెను. 1855 ఫిబ్రవరిలో ఆసుపత్రిలోని రోగులలో నూటికి సుమారు 42 మంది చొప్పున మరణించిరి. మార్చిలో ప్రభుత్వము పంపిన ఆరోగ్య సంఘమువారు కట్టడము క్రిందనున్న మురుగు కాలువలను శుభ్రపరచి, గాలి, మంచినీరు వచ్చునట్లు చేసిన మీదట, జూను నాటికి ఆ సంఖ్య నూటికి రెండుకు దిగెను. యుద్ధము ముగిసిన తరువాత ఫ్లోరెన్సు విలియం ఫార్ అను గణాంక శాస్త్రజ్ఞునితో కలిసి లెక్కలన్నియు పరిశీలించి ఈ సత్యమును గ్రహించెను. తన ఆసుపత్రిలోనే మరణములు మిక్కిలి హెచ్చుగా నుండెనని తెలిసినప్పుడు ఆమె మనస్సు ఎంత నలిగినదో ఊహింపవచ్చును. అయినను దానిని దాచక, రంగుల పటములుగా గీయించి అధికారులయెదుట పెట్టెను. 1858లో ఇంగ్లండు గణాంక సంఘములో సభ్యత్వము పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

నర్సే రోగియైనప్పుడు

లోకము దీపము పట్టిన నర్సును మాత్రమే ఎరుగును. ఆమె జీవితములో అధిక భాగము రోగిగా గడచెనని అనేకులెరుగరు. 1855 మే నెలలో క్రిమియాలోని బాలక్లావాయందు ఆమెకు తీవ్రమైన జ్వరము వచ్చి చావు దగ్గరకు చేరెను. 1856 ఆగస్టులో ఇల్లు చేరెను గాని, మరుసటి సంవత్సరము పూర్తిగా కూలిపోయెను. అప్పటినుండి అనేక సంవత్సరములు నడుము నొప్పి, గుండె దడ, నిద్రలేమి, చెప్పనలవిగాని నీరసము ఆమెను విడువలేదు. పచ్చి పాలద్వారా వ్యాపించు బ్రూసెల్లోసిస్ అను జ్వరవ్యాధి దీర్ఘకాలము నిలిచియుండి ఆమెను బాధించెనని నేటి వైద్యులు కొందరు తలంచుచున్నారు. ముప్పది ఏడేండ్లకే మంచము పట్టిన ఆమె తొంబది ఏండ్లు బ్రదికెను.

ఆ మంచముమీదనుండియే, 1859-60 శీతకాలములో, ఆమె నర్సుల పనిని గూర్చిన చిన్న పుస్తకమును ప్రకటించెను. అది శిక్షణ పొందిన నర్సులకొరకు మాత్రమే వ్రాసినది కాదు. ఇంటియందు రోగిని చూచుకొను ప్రతి స్త్రీకొరకును వ్రాసినది. గాలి, వెలుతురు, శుభ్రత, పడక, ఆహారము, శబ్దము మొదలగువాటిని గూర్చి వేరువేరు అధ్యాయములు గలవు. వాటిలో ప్రతిచోటను, మంచముమీద పడుకొని పైకి చూచిన మనిషి అనుభవము కనబడును.

రోగి గది గుమ్మము బయట గుసగుసలాడుట క్రూరత్వమని ఆమె చెప్పుచున్నది. అది తన్ను గూర్చియేనని రోగి చెవులు రిక్కించి వినుచుండును. వచ్చినవారు రోగి తల త్రిప్పనక్కరలేకుండ ఎదుట కనబడునట్లు కూర్చుండవలెను గాని వెనుక నిలువబడరాదు. తినని అన్నమును మరల తినునేమోయని మంచము ప్రక్కన విడిచిపెట్టరాదు. దానిని చూచుటచేతనే తినగోరిక చచ్చిపోవును. మిక్కిలి నీరసించినవారు ప్రొద్దుట గట్టి ఆహారము తినలేరు. గంటగంటకు కొంచెము, అదియు కుదరనిచో చెంచాడు చొప్పున ఇయ్యవలెను. చేయు శ్రమకంటె భయము, సందేహము, ఎదురుచూపు రోగికి ఎక్కువ హాని చేయునని ఆమె తలంపు. ఏమి జరుగబోవునో, నర్సు ఎప్పుడు వచ్చునో, ఎప్పుడు వెళ్ళునో ముందుగా తెలిసినయెడల ఆ భారము సగము తగ్గును.

మేము సిగ్గుపడిన అధ్యాయము పరామర్శింప వచ్చువారిని గూర్చినది. అపాయము లేదని తేలికగా చెప్పి ధైర్యము చెప్పినట్లు తలంచువారు రోగికి మేలు చేయరని ఆమె వ్రాసెను. తన స్థితి రోగికి తెలిసియే యుండును. అది చెప్పుకొనుటకు నోరు తెరచునంతలో వచ్చినవారు ఏమియు కాదని ఆ నోరు మూయుదురు. అప్పుడు అంతమంది నడుమను అతడు ఒంటరివాడగును. రోగి సంగతి ఏమియు ఎరుగకయే మందు మార్చుము, వైద్యుని మార్చుము, ఊరు మార్చుమని సలహాలు చెప్పువారిని గూర్చి ఆమె మరింత కఠినముగా వ్రాసెను. వాటికి మారుగా, బయటి లోకములో జరిగిన ఒక మంచి సంగతి తెచ్చి చెప్పుడు, చిన్నబిడ్డను తెచ్చి చూపుడు అని ఆమె కోరెను.

యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద అతనితో కూర్చుండి మాటలాడకుండినంతకాలము మంచి స్నేహితులైయుండిరి. నోరు తెరచిన తరువాతనే వారు అతనికి భారమైరి. పాఠకులారా, ఈ రెండు సంగతులు ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువుడి.

మరియొక అధ్యాయము రోగిని గమనించుటను గూర్చినది. రాత్రి బాగుగా నిద్రపట్టినదా అని అడిగినచో సరియైన జవాబు రాదని ఆమె చెప్పెను. ఎన్ని గంటలు నిద్రపోతివి, ఏ వేళకు మెలకువ వచ్చెను అని అడుగవలెను. భోజనము బాగుగా చేసెనా అని కాదు, ఎంత తినెను, ఏ వేళకు తినెను అని అడుగవలెను. ప్రేమ యుండియు గమనింపు లేనియెడల నర్సుకు ఆ పని తగదని ఆమె అభిప్రాయము.

మన గోదావరితో ఆమె బంధము

ఈ ప్రశ్నలడుగు పద్ధతినే ఆమె మన దేశమువైపు కూడ త్రిప్పెను. ఆమె ఎన్నడును ఇండియాకు రాలేదు. అయినను 1859లో నియమింపబడిన రాజ సంఘము ఇక్కడి సైన్యముల ఆరోగ్యమును విచారించునప్పుడు, ఒక్కొక్క దండు స్థలమునకు ప్రశ్నల కాగితములు పంపించుటలో ఆమె చేయి యుండెను. మీరు త్రాగు నీరు ఏది, అది ఎక్కడనుండి వచ్చును, మురుగు ఎటు పోవును అను విధమైన ప్రశ్నలవి. 1863లో వెలువడిన ఆ నివేదిక వెనుక ఆమె కష్టము ఎంతయో కలదు.

మొదట సైనికులను గూర్చి విచారించిన ఆమె, క్రమముగా రైతులను గూర్చి విచారింపసాగెను. అప్పుడు ఆమెకు మన కాటన్ దొరతో స్నేహము కలిసెను. 1847లో ప్రారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట ఈ డెల్టాను ఎట్లు మార్చినదో మన తాతలు చెప్పగా వింటిమి. అట్టి కాలువలు దేశమంతట త్రవ్వవలెనని సర్ ఆర్థర్ కాటన్ ఇంగ్లండులో వాదించుచుండగా అనేకులు ఆయనను ఎదిరించిరి. ఫ్లోరెన్సు ఆయన పక్షము వహించి, ఆయనతో ఉత్తర ప్రత్యుత్తరములు జరిపెను. 1874లో ఇండియా ఆరోగ్యమును గూర్చి ప్రకటించిన పుస్తకమునకు నీటిపారుదలను గూర్చిన అనుబంధము చేర్చెను. 1876-78 నాటి ఘోర క్షామములో దక్షిణ దేశమున లక్షలమంది మడిసినప్పుడు, 1878లో పత్రికకు గట్టి వ్యాసము వ్రాసి ఆంగ్ల ప్రజల మనస్సాక్షిని తట్టెను.

లండనులో మంచముమీద నున్న ఒక స్త్రీ గోదావరి కాలువల మాట ఎత్తుట వింతగా తోచవచ్చును. అయితే ఆమెకు ఇది వేరు పని కాదు. అన్నము, నీరు లేనిచోట మందు పనిచేయదు. బదరీవృక్షము క్రింద చావు కోరుకొని పడుకొనిన ఏలీయాను దేవదూత మొదట ఉపదేశముతో సమీపింపలేదు. రొట్టెయు నీళ్ళును ఇచ్చి, నిద్రపోనిచ్చి, మరల లేపి ఇచ్చెను. ఎదుటనున్న ప్రయాణము అతని శక్తికి మించినదని ఎరిగి ఆ మాటయే చెప్పెను.

ఆమె తరువాత

యుద్ధకాలమున ప్రజలు ఆమె పేరిట కూర్చిన సుమారు 45 వేల పౌన్లతో 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రియందు నర్సుల పాఠశాల ప్రారంభమాయెను. అచ్చట శిక్షణ పొందినవారు లోకమంతట వ్యాపించిరి. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ అను రాజగౌరవము పొందిన మొదటి స్త్రీ ఆమెయే. చివరి సంవత్సరములలో చూపు పోయెను. 1910 ఆగస్టు 13వ తేదీన నిద్రలోనే కన్నుమూసెను. వెస్ట్‌మినిస్టరు ఆబీలో సమాధి చేయుదుమని ప్రభుత్వము చెప్పినను, ఆమె కోరిక చొప్పున చిన్న పల్లెటూరి దేవాలయపు ఆవరణములో పాతిపెట్టిరి. రాతిమీద పూర్తి పేరైన లేదు. రెండక్షరములును పుట్టిన, గిట్టిన తేదీలును మాత్రమే గలవు.

ఆ పాఠశాలలోనే 1940లో సిసిలీ సాండర్సు అను యువతి చేరి నర్సయ్యెను. నడుము నొప్పిచేత నర్సు పని విడువవలసివచ్చి, తరువాత చదివి 1957లో వైద్యురాలాయెను. కేన్సరు రోగులు తమ నొప్పిని గూర్చి చెప్పినది ఓపికగా విని, వ్రాసికొని, నొప్పి వచ్చువరకు ఆగక వేళప్రకారము మార్ఫీను మందు ఇయ్యవలెనని ఆమె లోకమునకు చూపించెను. నొప్పి శరీరములో మాత్రమే యుండదనియు, మనస్సులోను, కుటుంబములోను, ఆత్మలోను ఉండుననియు బోధించెను. 1967లో లండనులో ఆమె స్థాపించిన సెయింట్ క్రిస్టఫర్ హాస్పీసులోనే, 2005లో, తానును కేన్సరు రోగియై ఆమె ప్రభువునందు నిద్రించెను.

నేడు అనేక కేన్సరు ఆసుపత్రులలో శిక్షణ పొందిన నర్సు రోగితోను ఇంటివారితోను విడిగా కూర్చుండి మాటలాడును. ఏ బాధ ఎప్పుడు రాగలదో, వచ్చినప్పుడు ఏమి చేయవలెనో ముందుగా చెప్పును. ఇంటికి పోయిన తరువాత ఫోనులో విచారించును. 2017లో అమెరికాలో ప్రకటింపబడిన ఒక పరిశోధన మమ్మును ఆలోచింపజేసెను. వ్యాధి ముదిరిన 766 మంది రోగులలో కొందరు తమ బాధలను క్రమముగా కంప్యూటరులో తెలియజేయుచు రాగా, తీవ్రమైనప్పుడు నర్సులకు వెంటనే కబురు అందుచుండెను. అట్టివారు తక్కినవారికంటె మధ్యస్థముగా ఐదు నెలలు ఎక్కువ బ్రదికిరి. క్రొత్త మందేమియు లేదు. అడుగుట, వినుట, వెంటనే తగిన పని చేయుట, ఇంతే.

మా నర్సు సహోదరి సాధారణముగా చెప్పు సంగతులు కొన్ని ఇక్కడ వ్రాయుచున్నాము. వాంతి మాత్రలు వాంతి వచ్చిన తరువాత కాదు, వైద్యుడు చెప్పిన వేళకు ముందుగానే వేసికొనవలెను. నోరు పూసినప్పుడు ఆవకాయ వంటి కారములు మాని, ఉప్పు, వంటసోడా కలిపిన గోరువెచ్చని నీటితో పుక్కిలింపవలెను. నీరసమునకు ఎల్లప్పుడు పడుకొనుటయే మందు కాదు. ఓపికకు తగినట్లు దినమునకు కొంచెము నడచుట దానిని తగ్గించునని పరిశోధనలు చూపినవి. రొమ్ము ఆపరేషను జరిగిన వైపు చేయి వాచగలదు. నేర్పిన వ్యాయామము చేయుచు, తెగకుండ, కాలకుండ కాపాడుకొని, వాపుగాని ఎరుపుగాని కనబడినచో చెప్పవలెను. కరెంటు పెట్టినచోట పసుపు, నూనె రాయరాదు. వైద్యులు పెట్టిన గుర్తులు చెరుపరాదు. అన్నిటికంటె ముఖ్యము, కీమో మందు పుచ్చుకొనుచున్నవారికి జ్వరము 100.4 డిగ్రీలకు చేరినచో తెల్లవారువరకు ఆగరాదు. ఆ మందుచేత రక్తములోని తెల్లకణములు తగ్గియుండును; చిన్న జ్వరమే ప్రాణము తీయగలదు.

మన డెల్టానుండి రోగులు విశాఖపట్టణమునకు, హైదరాబాదుకు, వేలూరుకు పోయి వైద్యము చేయించుకొని రైలులో తిరిగి వచ్చెదరు. ఆసుపత్రి నర్సు చెప్పినది ఆ హడావిడిలో సగము మరచిపోవుదురు. మిగిలిన సగమును మనవంటి వారి సలహాలు చెరుపును.

రెండవ పర్యాయము

మా నర్సు సహోదరి ఆ లంకకు మాతో వచ్చెను. మమ్మును వంటయింటివైపు పంపివేసి, ముక్కాలిపీట లాగుకొని రోగికి ఎదురుగా కూర్చుండెను. వాంతి ఏ వేళకు మొదలగును, నిన్న ఎన్ని గ్లాసుల నీళ్ళు త్రాగితివి, ఏ మాత్ర ఎప్పుడు వేసికొంటివి అని ఒక్కొక్కటి అడిగెను. వేడిచేయునని ఎవరో చెప్పగా వాంతి మాత్రలు మానివేసినదట. నోటి నిండ పుండ్లున్నను అత్తగారు బాధపడునని పచ్చడి మెతుకులు మ్రింగుచున్నదట. జుట్టు రాలిన తలను భర్తయెదుట చూపలేక దినమంతయు గోడవైపు తిరిగి పడుకొనుచున్నదట. ఇవేవియు మేమెరుగము, మేము అడుగలేదు. వైద్యుడు వ్రాసిన మందులను ఆమె మార్చలేదు. అవి వేళకు పడునట్లు చేసెను. గంజి, మజ్జిగ, మెత్తని అన్నము కొంచెము కొంచెముగా పెట్టుమని అత్తగారికి నేర్పెను. థర్మామీటరు ఒకటి చేతికిచ్చి, 100.4 అను సంఖ్యను గోడమీద సుద్దతో వ్రాయించెను.

రెండవ విడత మందు ఎక్కించిన పదవ దినమున రాత్రి ఆమెకు జ్వరము వచ్చెను. భర్త గోడమీది అంకె చూచి, తెల్లవారువరకు ఆగక, పడవవానిని లేపి రేవు దాటించి ఆసుపత్రికి చేర్చెను. తెల్లకణములు మిక్కిలి తగ్గియుండెననియు, ఆలస్యము చేసినచో దక్కుట కష్టమయ్యెడిదనియు వైద్యులు చెప్పిరట. ఆమె వైద్యము ముగిసినది. జబ్బు మరల రాదని మేము చెప్పలేము, చెప్పము. ఇప్పుడు సాయంకాలము కాలువ గట్టుమీద కొంత దూరము నడచుచున్నది.

మొన్న మేము వెళ్ళినప్పుడు ఎదురుగా కూర్చుంటిమి. అలసియున్నావా, కొంచెముసేపే యుందుమా అని అడిగితిమి. దాళ్వా కోతల సంగతి, సంఘములో పుట్టిన బిడ్డ సంగతి చెప్పితిమి. ఈసారి ఎక్కువ మాటలాడినది ఆమెయే.

ప్రియులారా, మన సంఘములలో ఇట్టి మంచములు ఎన్ని యున్నవో ప్రభువెరుగును. వైద్యము వైద్యులకును, బాధలను గూర్చిన ఉపదేశము నేర్చినవారికిని విడుచుదము. ఆ నేర్చిన కుమార్తెలు మన నడుమనే యున్నారు. వారిని వెంటబెట్టుకొని పోదము. మనకు మిగిలిన పని వినుట, గంజి కాచుట, రేవు దాటించుట. లేచిన బిడ్డ ఆకలిని మరువని ప్రభువు మనకు అట్టి కన్నులను, అట్టి చెవులను అనుగ్రహించును గాక. ఆమేన్.